ట్విన్ పీక్స్: ద రిటర్న్ – 18 భాగాలూ అయ్యాక ఏం తేలింది? (పూర్తి స్పాయిలర్లు ఉన్నాయి)

ఎర్రపరదా:
1991 జూన్ 10న అమెరికాలో ఏబీసీ ఛానల్‌లో ట్విన్ పీక్స్ సీరియల్ రెండో సీజన్ ముగిసినప్పుడు, లారా పామర్ అన్న అమ్మాయి హత్యని విచారించడానికి ఆ ఊరికొచ్చిన ఎఫ్‌బీఐ ఏజెంటు డేల్ కూపర్ బాత్‌రూమ్ అద్దానికి తల కొట్టుకుని నవ్వుతుండగా కథ తెగిపోయింది. అదే ఎపిసోడ్‌లో లారా ఎర్రగదిలో (లాడ్జ్ అనే వేరే లోకంలో ఉండే ఎర్ర పరదాల గది) కూర్చుని "25 ఏళ్ళ తర్వాత మళ్ళీ కలుస్తాను" అంటుంది. 2014 అక్టోబరులో షోటైమ్ ఛానల్ కొత్త సీజన్ ప్రకటించింది. 2015 ఏప్రిల్‌లో బడ్జెట్ దగ్గర పేచీ వచ్చి దర్శకుడు డేవిడ్ లించ్ తప్పుకున్నాడు, మే నెలలో తిరిగొచ్చాడు. తొమ్మిది భాగాలనుకున్నది పద్దెనిమిదైంది. 2017 మే 21న మొదలై సెప్టెంబరు 3న అయిపోయింది.

పద్దెనిమిదీ లించ్ ఒక్కడే డైరెక్ట్ చేశాడు. మార్క్ ఫ్రాస్ట్‌తో కలిసి రాసిన స్క్రిప్టును ఒకే పొడవాటి సినిమాలా తీసి, తర్వాత భాగాలుగా కోశారు. అందుకే "ఈ ఎపిసోడ్‌లో ఏమీ జరగలేదు" అన్న మాట ఇక్కడ చెల్లదని నా అభిప్రాయం. ఒక భాగంలో పెట్టిన వస్తువు పది భాగాల తర్వాత పనికొస్తుంది.

ఒక్క విన్నపం. థియరీ రాసేవాళ్ళు ఏ భాగంలో ఏ సీనో రాయండి. "నాకలా అనిపించింది" అని వదిలేస్తే చర్చ ముందుకు కదలదు.

పైన్‌చెట్టు:
కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఏ వరసలో చూడమని చెప్పాలి? పాత సీజన్లు వదిలేసి నేరుగా 2017వి చూస్తే అర్థమవుతాయా?

గుడ్లగూబ315:
అర్థం కావు. వరస ఇది: మొదటి సీజన్ పైలట్‌తో కలిపి 8, రెండో సీజన్ 22, ఆ తర్వాత 1992లో వచ్చిన "ఫైర్ వాక్ విత్ మీ" సినిమా, దాని వెనకే "మిస్సింగ్ పీసెస్" (ఆ సినిమాలోంచి కోసేసిన సీన్లు), అప్పుడు ద రిటర్న్. సినిమా కథ లారా చనిపోకముందు జరుగుతుంది కదా, ముందే చూసేద్దాం అనుకోవద్దు. హంతకుడెవరో మొదట్లోనే తెలిసిపోతుంది, 30 ఎపిసోడ్ల పట్టు సడలిపోతుంది.

చాలామంది పప్పులో కాలేసేది పైలట్ దగ్గర. దానికి రెండు రూపాలున్నాయి. యూరప్‌లో విడిగా సినిమాగా అమ్ముకోవడానికి చివర కొంత అదనంగా తీసి కథ ముగించేశారు. అందులో లారా హత్య వెనకున్న దుష్టశక్తి బాబ్ దొరికిపోతాడు, ఆపైన "25 ఏళ్ళ తర్వాత" అని ఎర్రగది వస్తుంది. అది ముందు చూస్తే సీరియల్‌కి ప్రాణమే పోతుంది. పైలట్ సుమారు గంటన్నర. రెండు గంటలకు దగ్గరగా ఉందంటే అది యూరప్ రూపమే, ఆపేయండి.

రెండో సీజన్‌లో హంతకుడు బయటపడ్డాక మధ్యలో కొన్ని ఎపిసోడ్లు బాగా నీరసిస్తాయి. లారా స్నేహితుడు జేమ్స్ ఊరు దాటి వెళ్ళి ఇరుక్కున్న కథ, చిన్న నిక్కీ కథ సగం చెవితో విన్నా నష్టం లేదు. వైమానిక దళం అధికారి మేజర్ బ్రిగ్స్ అడవిలో మాయమై తిరిగొచ్చే భాగం మాత్రం ఒక్క నిమిషం కూడా దాటవేయొద్దు. 2017లో సగం కథ ఆయన వదిలి వెళ్ళిన గుర్తుల మీదే నడుస్తుంది.

కాఫీకప్పు:
సినిమా తప్పనిసరా? అది అప్పట్లో ఆడలేదు కదా.

గుడ్లగూబ315:
తప్పనిసరి. ఆడకపోవడం వేరు, అవసరం వేరు. పచ్చరాయి ఉంగరం, మాయమైపోయిన ఎఫ్‌బీఐ ఏజెంటు ఫిలిప్ జెఫ్రీస్, వింత కేసులకి ఎఫ్‌బీఐ వాడే బ్లూ రోజ్ అన్న మాట, మూడూ సినిమాలోంచే వచ్చాయి. ఇంకోటి: సినిమాలో లారా పక్క మీద యానీ (రెండో సీజన్‌లో కూపర్ ప్రేమించిన అమ్మాయి) రక్తంతో కనిపించి "మంచి డేల్ లాడ్జ్‌లో ఉన్నాడు, బయటికి రాలేడు, నీ డైరీలో రాసుకో" అంటుంది. 1992లో ఎవరికీ తలా తోకా తెలియని మాట. 6వ భాగంలో పోలీస్ స్టేషన్ టాయిలెట్‌లో డిప్యూటీ హాక్ జేబులోంచి నాణెం జారి పడుతుంది. వంగి తీస్తుంటే తలుపు మీద నెజ్ పర్స్ కంపెనీ ముద్ర కంటపడుతుంది. ఆ తలుపు రేకు ఒక మూల లేచి ఉంటుంది. ఊడదీస్తే లోపల లారా డైరీ కాగితాలు. 7వ భాగంలో షెరీఫ్ ఫ్రాంక్ ట్రూమన్‌కి వాటిని చదివి వినిపిస్తాడు. పాతికేళ్ళ కిందటి ముడి అక్కడ విడింది. సినిమా చూడనివాళ్ళకి అది మామూలు కాగితం ముక్క.

దీపస్తంభం:
వరస సరే, టీవీ సంగతి కూడా చెప్పాలి. సగం ఫిర్యాదులు సెట్టింగుల వల్ల వచ్చినవే.

మొదటిది మోషన్ స్మూతింగ్. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, పిక్చర్ మెనూలో "మోషన్" అన్న మాట ఎక్కడుంటే అక్కడ ఆఫ్ చేయండి. 3వ భాగంలో ఊదారంగు సముద్రం పక్క గదిలో, కళ్ళు మూసుకుపోయిన ఆమె కదిలే ప్రతి కదలికనూ ఫ్రేములు ముందుకీ వెనక్కీ తిప్పి కోశారు. ఆ వణుకు కావాలని చేసింది. స్మూతింగ్ ఉంటే టీవీ మధ్య ఫ్రేములు తానే తయారుచేసి పూడ్చేస్తుంది. వణుకు పోయి బొమ్మ అలుక్కుపోయినట్టు అవుతుంది.

రెండోది నలుపు. 8వ భాగం 1956 ఎడారి సీన్లలో నలుపు బూడిదగా కనిపిస్తే బ్రైట్‌నెస్ తిప్పకండి, ముందు హెచ్‌డీఎంఐ రేంజ్ (నలుపు తెలుపుల హద్దు ఎంతో చెప్పే సెట్టింగు) చూడండి. ప్లేయర్ లిమిటెడ్‌లో, టీవీ ఫుల్‌లో ఉంటే నలుపు వెలిసిపోతుంది. అటుదిటు అయితే వుడ్స్‌మ్యాన్ అనే మసిదయ్యం మొహం నల్లటి ముద్దలా మిగులుతుంది. రెండూ ఒకే రకంగా పెట్టండి. గది వెలుగును బట్టి తనంతట తానే మారే సెన్సర్ ఉంటే అది కూడా ఆపేయండి. స్ట్రీమింగ్‌లో డేటా తగ్గిందంటే ఈ భాగంలో పొగమేఘాల చుట్టూ మెట్లు మెట్లుగా గీతలు పడతాయి. డిస్కులో ఆ బెడద చాలా తక్కువ.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, శబ్దం. సౌండ్ డిజైన్ కూడా లించే చేశాడు. కరెంటు తీగల మూలుగు, గదిలో గాలి హోరు చాలా కింది స్థాయిలో ఉంటాయి. టీవీలో ఉండే చిన్న స్పీకర్లు ఆ కింది శబ్దాన్ని పలికించలేవు. నైట్ మోడ్ పెడితే గుసగుసనీ కేకనీ ఒకే ఎత్తుకి తెచ్చేస్తుంది. చెవిని పూర్తిగా మూసే మామూలు వైరు హెడ్‌ఫోన్స్ చాలు.

తంగేడుపువ్వు:
సెట్టింగులు మార్చినా మారనిది ఒకటుంది. కూపర్ 3వ భాగంలో లాడ్జ్‌లోంచి బయటికొచ్చి, 16వ భాగందాకా తనలాగే ఉన్న ఇన్సూరెన్స్ ఉద్యోగి డగీ జోన్స్ స్థానంలో మాటా పలుకూ లేకుండా తిరుగుతాడు. పదమూడు భాగాలు! పాతికేళ్ళు ఎదురుచూసినవాళ్ళకి కూపర్‌ని చూపించి కూపర్‌ని ఇవ్వకపోవడం అన్యాయం కాదా? కాఫీ తాగిన ప్రతిసారీ ఇప్పుడు లేస్తాడేమో, ఇప్పుడు లేస్తాడేమో అని ఊరించారు.

ఎర్రపరదా:
ఆ బాధ న్యాయమైనదే. కానీ డగీ ఊరకే తిరగడం లేదు. 6వ భాగంలో ఇన్సూరెన్స్ ఫైళ్ళ మీద చిన్న వెలుగు చుక్కలు కనిపిస్తే వాటి వెంబడి పెన్సిల్‌తో మెట్లూ నిచ్చెనలూ గీస్తాడు. పిచ్చిగీతల్లా ఉంటాయి. యజమాని బుష్నెల్ ముందు కోప్పడి, తర్వాత కాగితాలు ఒక్కొక్కటే తిప్పి చూసి నిదానిస్తాడు. ఆ గీతలు దొంగ క్లెయిముల్ని పట్టిస్తాయి. డిటెక్టివ్ బుర్ర నిద్రలోనూ పనిచేస్తోందన్నమాట. 15వ భాగం చివర టీవీలో పాత సినిమా వస్తుంటే అందులో "గోర్డన్ కోల్" అన్న పేరు, అంటే ఎఫ్‌బీఐలో తన పై అధికారి పేరే, చెవిన పడుతుంది. పాక్కుంటూ వెళ్ళి ఫోర్కు కాడని కరెంటు ప్లగ్గులో దూరుస్తాడు. లోపలికి వచ్చిందీ ప్లగ్గులోంచే, లేచిందీ ప్లగ్గుతోనే.

తంగేడుపువ్వు:
ఒప్పుకుంటాను. 16వ భాగంలో పాత థీమ్ సంగీతం ఎత్తుకున్నప్పుడు అంత గట్టిగా తగలడానికి కారణం ఆ పదమూడు భాగాల ఆకలే. అయినా రెండు మూడు భాగాలు తగ్గించవచ్చన్నది ఇప్పటికీ నా మాట.

గుట్టమీదిమంచు:
7వ భాగంల రోడ్‌హౌస్ నేల ఊడ్చే సీన్ గురించి అందరు గదే అడుగుతున్నరు, అండ్ల ఏమున్నది అని. రెండు నిమిషాలకు పైన ఒకే కెమెరా, ఒకే చీపురు, ఎనక "గ్రీన్ ఆనియన్స్" పాట. మంచిగ చూడున్రి, ఊడ్చేటాయన చెత్తనంత ఒక్కకాడికి తెస్తడు, అప్పుడు ఫోన్ మోగుతది. ఫోన్‌ల ఆ బార్ ఓనర్ మాట్లాడే సంగతి ఆడపిల్లల బేరం. అంటే లారా కాలం నుంచి నడిచిన మురికి దందా ఇంక ఆగలేదు. రెండు నిమిషాలు నేల ఊడిస్తే ఏం లాభం? ఫోన్ దాకా ఆగకుంట ఫార్వర్డ్ కొట్టినోళ్ళకు గీ ముచ్చట తెల్వది.

గుడ్లగూబ315:
చాలా మంచి పాయింటు అన్నా. అదే 7వ భాగంలో ఇంకో దారం మొదలవుతుంది, హోటల్ తాళంచెవి. గ్రేట్ నార్తర్న్ 315 గది తాళంచెవి పాత సీజన్ నుంచీ కూపర్ జేబులోనే ఉంది. అది అతన్ని కారెక్కించుకున్న జేడ్ అనే ఆమె కారులో పడిపోతే, 5వ భాగంలో ఆమె చూసి పోస్టుడబ్బాలో వేస్తుంది. 7వ భాగంలో హోటల్ యజమాని బెన్ హార్న్ చేతికి చేరుతుంది. సరిగ్గా అప్పుడే బెన్ ఆఫీసు గదిలో ఎక్కడినుంచో సన్నటి మోత వినిపిస్తుంటుంది. బెన్, అతని దగ్గర పనిచేసే బెవర్లీ గోడ గోడకీ చెవి పెట్టి వెతుకుతారు. 14వ భాగంలో జేమ్స్ కింద బాయిలర్ గదిలో అదే మోత వింటాడు. 17వ భాగంలో కూపర్ అక్కడి తలుపు ఆ తాళంచెవితోనే తెరుస్తాడు. హోటల్ గది తాళం బాయిలర్ గది తలుపుకి ఎలా పట్టిందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. కానీ పన్నెండు భాగాల పాటు ఒక చిన్న వస్తువుని చెయ్యి జారనివ్వకుండా మోసుకొచ్చారు.

పైన్‌చెట్టు:
ఎర్రగదిలో మాటలు అలా వింతగా ఎలా పలికించారు? కంప్యూటరా?

దీపస్తంభం:
కాదు, నటులే. డైలాగుని ముందు తిరగేసి పలకడం నేర్చుకుంటారు, దాన్ని రికార్డు చేసి మళ్ళీ వెనక్కి తిప్పుతారు. నడక కూడా వెనక్కి నడిచి తిప్పిందే. ఫోన్‌లో ఆడియోని రివర్స్ చేసే ఏ యాప్‌తోనైనా చేసి చూడొచ్చు.

తెలుగులో చేసేటప్పుడు ఒక చిక్కుంది. మనం అక్షరాల్లో ఆలోచిస్తాం, శబ్దం అక్షరాల్లో తిరగదు. "నమస్తే"ని తిరగేయమంటే ఎవరైనా "స్తేమన" అంటారు. రికార్డు చేసి తిప్పితే నమస్తే రాదు. హల్లునీ అచ్చునీ విడదీయాలి: న్-అ-మ్-అ-స్-త్-ఏ. చివరినుంచి చదివితే "ఏత్సమన్". అలా పలికి తిప్పితే నమస్తేకి దగ్గరగా వస్తుంది. "లారా" అయితే "ఆరాల్".

దగ్గరగా వస్తుంది తప్ప అచ్చంగా రాదు. త, ప, క లాంటి హల్లుల్లో ముందు గాలి ఆగి తర్వాత పేలుతుంది. తిప్పినప్పుడు పేలుడు ముందొచ్చి ఆగడం తర్వాతొస్తుంది. మాట మింగుతున్నట్టు వినబడేది అందుకే. లించ్‌కి కావలసింది ఆ మిగిలిపోయిన తేడాయే. న, మ, ల, ర ఉన్న మాటలతో మొదలుపెట్టండి, తేలికగా వస్తాయి. రెండు సెకన్లకి మించిన వాక్యం ఒకేసారి వద్దు, ముక్కలుగా చేసి అతకండి.

కాఫీకప్పు:
ఏత్సమన్! పట్టింది.

ఎర్రపరదా:
8వ భాగం గురించి ఎవరూ రాయలేదు. 2017 జూన్ 25న వచ్చింది, తర్వాతి వారం ప్రసారం లేదు, రెండు వారాలు జనం దీనిమీదే కొట్టుకున్నారు. 1945 జులై 16 తెల్లవారుజామున న్యూ మెక్సికోలో మొదటి అణుబాంబు పరీక్ష. కెమెరా ఎక్కడా తెగకుండా ఆ పొగలోకి నిదానంగా వెళుతుంది, వెనక పెండరెట్స్కీ అనే సంగీతకారుడు హిరోషిమా మృతుల కోసం రాసిన వయొలిన్ల రోదన. అలంకారానికి పెట్టిన సంగీతం కాదది. బాబ్ ఎక్కడినుంచి వచ్చాడన్న ప్రశ్నకి దయ్యాల కథ కాకుండా మనుషులు చేసిన పని చూపించారు. దానికి బదులుగా ఫైర్‌మ్యాన్ (వేరే లోకంలో ఉండి మంచికి కాపు కాసే భారీ మనిషి) లారా మొహం ఉన్న బంగారు గోళాన్ని భూమి మీదికి పంపుతాడు. పల్లెటూరి హత్యకథ అనుకున్నది అక్కడ ఎంత పెద్దదైపోయిందో!

తంగేడుపువ్వు:
1956లో కప్పకాళ్ళూ రెక్కలూ ఉన్న పురుగు నోట్లోకి దూరిన అమ్మాయి లారా తల్లి సారా పామరే అంటారా?

గుడ్లగూబ315:
తెర మీద చెప్పలేదు. ఫ్రాస్ట్ 2017 అక్టోబరు చివర విడుదల చేసిన "ద ఫైనల్ డాసియర్" పుస్తకం అటే బలంగా చూపిస్తుంది. యానీ ఏమైందో, బెన్ కూతురు ఆడ్రీ బ్యాంకు పేలుడు తర్వాత ఎలా బతికిందో కూడా అందులోనే ఉంది. కానీ పుస్తకం ఫ్రాస్ట్ ఒక్కడిది. లించ్ తెర మీద వదిలేసిన ఖాళీని పుస్తకంతో పూడ్చేసి "తేలిపోయింది" అనడం సరికాదు.

దీపస్తంభం:
చనిపోయినవాళ్ళ పాత్రల్ని తీసేయకుండా నిలబెట్టిన తీరు గురించి కూడా రాయాలి. దుంగని చేతుల్లో మోసుకు తిరిగే లాగ్ లేడీ మార్గరెట్‌గా చేసిన క్యాథరిన్ కౌల్సన్ 2015 సెప్టెంబరు 28న పోయారు, ఆ సీన్లు అంతకు కొద్దిరోజుల ముందే తీశారు. 15వ భాగంలో ఆమె హాక్‌కి ఫోన్ చేసి చనిపోతున్నానని చెబుతుంది. హాక్ "గుడ్‌నైట్ మార్గరెట్" అంటాడు, ఫోన్ పెట్టాక "గుడ్‌బై" అంటాడు. ఆ భాగాన్ని నటి పేరుకి కాదు, మార్గరెట్ లాంటర్‌మన్ అన్న పాత్ర పేరుకే అంకితమిచ్చారు. సినిమాలో జెఫ్రీస్‌గా చేసిన డేవిడ్ బౌవీ 2016 జనవరిలో పోవడంతో జెఫ్రీస్‌ని ఆవిరి కక్కే పెద్ద కెటిల్ లాంటి యంత్రంగా మార్చారు. తెర మీద వేరే నటుణ్ణి పెట్టలేదు, గొంతు మాత్రం ఇంకొకరిది. సంగీతం చేసిన బదలామెంటి 2022లో, లించ్ 2025 జనవరిలో వెళ్ళిపోయారు. ఇంకో సీజన్ కోసం ఎదురుచూపు అక్కడితో సరి.

కాఫీకప్పు:
ఇక ముగింపుకి రండి. 17తో ఆపేసి ఉంటే అందరూ సంతోషంగా ఇంటికి వెళ్ళేవాళ్ళు. బాబ్ పగిలిపోయాడు, కూపర్ వచ్చాడు, అతని పాత సెక్రటరీ డయాన్ దొరికింది. 18 ఎందుకు?

ఎర్రపరదా:
17లోనే తేడా మొదలైంది. బాబ్ పోయాక పోలీస్ స్టేషన్ గడియారం చూడండి, 2:53 దగ్గర ముల్లు ముందుకు పోలేక కొట్టుకుంటుంది. కూపర్ మొహం పెద్దదిగా తెరంతా పరుచుకుని ఆ సీను మీదే తేలుతుంటుంది. అప్పుడు అతను చేసేది ఎవరూ అడగని పని. 1989కి వెళ్ళి లారా హత్యనే జరగకుండా ఆపబోతాడు. సినిమా చివర లారా తనంతట తాను ఉంగరం వేలికి పెట్టుకుంది. బాబ్‌కి తన శరీరం ఇవ్వనని చావుని ఎంచుకుంది, దేవత ఆమె దగ్గరికి వచ్చింది. అది లారా గెలుపు. కూపర్ చెయ్యి పట్టుకుని నడిపించి ఆ గెలుపుని చెరిపేశాడు. మిగిలింది ఏమిటి? టెక్సస్‌లో ఒడెస్సాలో క్యారీ పేజ్ అన్న పేరుతో, లారా మొహంతో, ఇంట్లో శవంతో బతుకుతున్న ఆడమనిషి. రక్షించాలన్న మంచి బుద్ధే తప్పైంది. నా మటుకు ద రిటర్న్ మొత్తం ఈ తప్పు గురించే.

గుడ్లగూబ315:
ఇక్కడ నేను ఒప్పుకోను. 1వ భాగం మొదట్లోనే ఫైర్‌మ్యాన్ కూపర్‌తో 430 గుర్తుపెట్టుకో, రిచర్డ్ అండ్ లిండా, ఒక రాయితో రెండు పిట్టలు అంటాడు. కూపర్ 430 మైళ్ళు నడిపి ఆపుతాడు, మోటెల్‌లో లిండా రిచర్డ్‌కి రాసిన చీటీ దొరుకుతుంది. అంతా ముందే చెప్పిన దారి. తప్పుదారి అయితే ఫైర్‌మ్యాన్ ఎందుకు చెబుతాడు? చివర క్యారీని లారా పాత ఇంటికి తీసుకొచ్చి, ఇంటి ముందు "ఇది ఏ సంవత్సరం?" అని కూపర్ అడిగాక, చాలా సన్నగా సారా గొంతు "లారా" అని పిలవడం వినిపిస్తుంది. క్యారీ కేక పెడుతుంది, ఇంట్లో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయి. ఈ సీరియల్లో చెడు కరెంటులోనే తిరుగుతుంది. ఆ ఇంటి కరెంటు పోయింది. అది రెండో పిట్ట.

తంగేడుపువ్వు:
తలుపు తీసినామె పేరు ట్రెమండ్, ఇల్లు అమ్మినామె చాల్‌ఫాంట్ అని చెప్పింది కదా. రెండూ పాత సీజన్‌లోనూ సినిమాలోనూ మనవడితో తిరిగే ముసలామె వాడిన పేర్లే. అంటే ఆ ఇల్లు అప్పటికే వాళ్ళ చేతిలో ఉంది. దీన్నిబట్టి గుడ్లగూబ గారి వైపే మొగ్గుతున్నాను.

పైన్‌చెట్టు:
17, 18 రెండూ ఒకేసారి పక్కపక్కన పెట్టి చూడాలన్న థియరీ నిజమా?

దీపస్తంభం:
చేసి చూడటం తప్పు కాదు, సరిగ్గా చేయాలి. రెండింటి ముందూ ఉన్న ఛానల్ లోగో కోసేసి, మొదటి ఫ్రేము నుంచి కలపాలి. రెండు పరికరాల్లో చేత్తో నొక్కితే మొదటే తేడా వస్తుంది, స్ట్రీమింగ్ మధ్యలో ఆగితే ఇంకా జరుగుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకే టైమ్‌లైన్ మీద పెట్టుకోవాలి. తర్వాత అసలు పరీక్ష: 16నీ 18నీ కూడా అలాగే కలిపి చూడండి. అందులోనూ అన్నే పోలికలు దొరికితే, అవి మన కన్ను వెతికి పెట్టుకున్నవే. ఇద్దరు మనుషులు మెల్లగా నడిచే, కారు నడిపే సీన్లు ఏ రెండు పెట్టినా ఎక్కడో ఒకచోట కలుస్తాయి.

దానికంటే గట్టి ఆధారం శబ్దంలో ఉంది. 1వ భాగంలో ఫైర్‌మ్యాన్ గ్రామఫోన్ వైపు చూపించి "శబ్దాలు విను" అంటాడు, పురుగు గీరుతున్నట్టు టిక్కు టిక్కుమని ఒకటి వస్తుంది. ఆ ముక్క విడిగా తీసి పెట్టుకోండి. 17వ భాగంలో అడవిలో కూపర్ లారా చెయ్యి పట్టుకుని నడుస్తుండగా, ఆమె మాయమయ్యే ముందు వచ్చే ముక్క తీయండి. రెండూ హెడ్‌ఫోన్స్‌లో ఒకదాని తర్వాత ఒకటి వినండి. అదే శబ్దం.

ఎర్రపరదా:
అంటే లారా చెయ్యి జారిపోతుందని ఫైర్‌మ్యాన్‌కి మొదటి సీన్‌లోనే తెలుసు. "అది ఇప్పుడు మన ఇంట్లో ఉంది" అన్నది కూడా ఆ శబ్దం వెంటనే. గుడ్లగూబ గారూ, ఇది మీ వాదనకి బలమా, నాకా?

గుడ్లగూబ315:
ఇద్దరికీ. 1వ భాగంలో ఆ శబ్దం విన్నాక కూపర్ మొహం ఇంకోసారి చూడండి. "అర్థమైంది" అంటాడు. వెంటనే ఫైర్‌మ్యాన్ "నువ్వు చాలా దూరంలో ఉన్నావు" అంటాడు, కూపర్ కుర్చీలోంచి మాయమైపోతాడు. నేను ఈ రాత్రికి 1, 17 మళ్ళీ వింటాను.